సబ్ మీటరుకి యూనిట్ పది రూపాయలంటే ఒప్పుకోవచ్చా? అద్దె ఇంట్లో దిగేముందు కరెంటు, గ్యాస్, నీళ్ల సంగతులు

మీరు చంటిపిల్లతో వైజాగ్ నుంచి హైదరాబాద్ మారుతున్నారు. కూకట్‌పల్లిలో ఇండిపెండెంట్ ఇంట్లో మొదటి అంతస్తు చూసుకున్నారు, శ్రావణంలో దిగుతున్నారు. కింద ఓనరు ఉంటారు. కరెంటుకి సబ్ మీటరు (ఓనరు మెయిన్ మీటరు కిందే మీ పోర్షను వాడకం కొలిచే మీటరు), యూనిట్‌కి పది రూపాయలు అన్నారట. అది న్యాయమేనా, గ్యాస్, నీళ్లు, నెట్ ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగారు. ఇరవై రెండేళ్లలో ఈ ఊళ్లో తొమ్మిది అద్దె ఇళ్లు మారాను. ఇప్పుడు మా ఇంటి పై పోర్షను నేనే అద్దెకిస్తున్నాను. కాబట్టి రెండు వైపుల బాధలూ తెలుసు.

అద్దె ఇంట్లో మనం కొత్తగా పెట్టించుకునేది నిజానికి తక్కువ. కరెంటు, నీళ్లు ఓనరు పేరు మీదే ఉంటాయి, ఉండనివ్వండి. మన చేతికొచ్చేది ఆ కనెక్షన్ నంబరు. దానితో పాటు దాని పాత బాకీ, ఎవరో ఎప్పుడో లాగిన దొంగ వైరు, మనకి సంబంధం లేని మోటారు కూడా చెప్పకుండా వచ్చేస్తాయి. అందుకే చూసుకోవాల్సినవన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోవాలి. ఇచ్చాక అడిగితే మనది సణుగుడు అవుతుంది.

ముందు పది రూపాయల సంగతి. వైజాగ్ లెక్కతో ఆలోచిస్తే ఇక్కడ బోల్తా పడతారు. ఆంధ్రలో మీరు ఎన్ని యూనిట్లు కాల్చినా మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలే, తర్వాత 75 దాకా 3 రూపాయలు, అలా మెట్లెక్కినట్టు పెరుగుతుంది. తెలంగాణలో అలా కాదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం మూడు గుంపులు. నెలకి 100 యూనిట్ల లోపు ఆగితే మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80. 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: ఆ 200 యూనిట్లూ 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50, అక్కణ్నుంచి 10. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి రెండొందల పైమాటే! ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ వీటికి అదనం. కానీ అవి చిన్నవి.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. మీరు నెలకి 180 యూనిట్లు, కింద ఓనరు 250 కాల్చారనుకోండి. మెయిన్ మీటరు మీద మొత్తం 430. దానికి బిల్లు సుమారు 2,975. మీ వాడకం వంతున పంచితే మీ వాటా 1,245. ఓనరు చెప్పిన పది రూపాయల లెక్కన మీరు కట్టేది 1,800. మీకంటూ వేరే మీటరు ఉంటే కట్టేది 724 మాత్రమే. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఓనరుతో గొడవ పెట్టుకోమని కాదు. ఆయన వైపు కూడా ఒక న్యాయం ఉంది. మీరు రావడం వల్ల ఆయన వాడకం పైస్లాబులోకి వెళ్తుంది, మోటారు ఖర్చు, మెట్ల లైటు ఖర్చు ఆయనే భరిస్తారు. నేను కూడా మొదటి ఏడాది పది రూపాయలే తీసుకున్నాను, ఊళ్లో అందరూ అంతే కదా అని. మా పై పోర్షన్లో ఉండే అబ్బాయి ఒకసారి కరెంటు బిల్లు చూపించమని అడిగి, నా ముందే సెల్‌ఫోన్లో కూడికలు చేసి, ఏమీ అనకుండా ఫోన్ నా వైపు తిప్పాడు. సిగ్గేసింది. అప్పట్నుంచీ నెలనెలా బిల్లు ఫొటో తీసి పంపి, ఇద్దరి యూనిట్ల వంతున పంచుకుంటున్నాం. మీరూ ఇదే అడగండి: "అంకుల్, ప్రతి నెలా బిల్లు ఫొటో పెట్టండి, ఎవరి యూనిట్లు వాళ్లు కట్టుకుందాం, మోటారుకి వేరే నెలకింత అనుకుందాం." చాలామంది దీనికి ఒప్పుకుంటారు. ఎక్కువ రోజులు ఉండేలా ఉంటే పోర్షనుకి వేరే మీటరు పెట్టించమని అడగొచ్చు. దరఖాస్తు ఓనరు పెడితే సులువు. ఖర్చు సగం మీరు పెట్టుకున్నా కొన్నాళ్లకి తిరిగొస్తుంది.

గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితం కదా అని ఎవరైనా చెబితే, అది తెలంగాణ తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి. 2024 మార్చి నుంచి నడుస్తోంది, అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది. మీ కార్డు ఆంధ్రది కాబట్టి మీకు రాదు. పైగా రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే 200 లోపు ఆగడమే కష్టం.

మీ పోర్షనుకి ఉన్నది సబ్ మీటరైనా, వేరే మెయిన్ మీటరైనా, దిగేముందు ఐదు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. మీ పోర్షను మెయిన్ స్విచ్చి లేదా ఎంసీబీ కిందికి దించేసి వెళ్లి మీ పోర్షను మీటరు ముందు నిలబడండి. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం ఒకటి మిణుకుమిణుకుమంటుంది. ఒక్కో మిణుకూ కరెంటులో ఒక ముక్క. చాలా సింగిల్ ఫేజ్ మీటర్ల మీద యూనిట్‌కి 3,200 మిణుకులు అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మీ ఇంట్లో అంతా ఆపేశాక అది ఆగిపోవాలి. ఆగలేదంటే మీ మీటరు మీద ఇంకెవరో ఉన్నారు.

నా నాలుగో ఇంట్లో మూడు నెలలు బిల్లు ఎందుకు పేలిపోతోందో అర్థం కాలేదు. ఫ్రిజ్ పాడైందనుకుని మెకానిక్‌ని కూడా పిలిపించాను. ఒక ఆదివారం పొద్దున ఇంట్లో అన్నీ ఆపేసి మీటరు దగ్గర నిలబడితే ఆ ఎర్ర దీపం రెండు సెకన్లకోసారి కన్ను కొడుతూనే ఉంది. అంటే గంటకి 1,800 మిణుకులు, ఐదొందల అరవై వాట్ల దాకా. అర హార్స్‌పవర్ మోటారు లాగే కరెంటు అది. వైరు పట్టుకుని వెళితే మెట్ల కింద, సైకిళ్ల వెనకాల, సంపు మోటారు దగ్గర తేలింది. నాలుగు పోర్షన్ల నీళ్లూ నా మీటరు మీద పైకెక్కుతున్నాయి. ఓనరు "అయ్యో, నాకు తెలీదండీ" అన్నారు. తెలుసో తెలీదో ఆ దేవుడికే తెలియాలి. ఆ మూడు నెలల డబ్బు మాత్రం రాలేదు.

పరీక్ష అయ్యాక స్విచ్చి పైకెత్తి, మీటరు రీడింగ్ ఫొటో తీయండి. తెరమీద అంకెలు మారుతూ ఉంటాయి: ఒకటి తేదీ, ఒకటి వోల్టేజి, ఒకటి లోడు. కేడబ్ల్యూహెచ్, అంటే యూనిట్లు, అని వచ్చినప్పుడు ఉన్న అంకే మనకి కావాల్సింది. సబ్ మీటరు రీడింగ్, మెయిన్ మీటరు రీడింగ్ రెండూ తీసి, అదే రోజు ఓనరుకి వాట్సాప్ చేయండి. "ఈ రోజు రీడింగ్ ఇదండీ" అని ఒక్క ముక్క చాలు. ఏడాది తర్వాత ఖాళీ చేసేటప్పుడు మీ సాక్ష్యం అదే.

పాత బిల్లు ఒకటి అడిగి తీసుకోండి. దాని మీద సర్వీస్ నంబరు, యూఎస్‌సీ నంబరు అని రెండుంటాయి. ఆన్‌లైన్‌లో కట్టడానికి యూఎస్‌సీ నంబరు వాడతాం. అది కొట్టి చూస్తే పాత బాకీ ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. బాకీ ముందున్నవాళ్లది, మనకేంటి అనుకోవద్దు. పాత బాకీ కడితేనే ఆ ఆవరణకి కొత్త కనెక్షన్ ఇస్తామనే షరతు విద్యుత్ సంస్థలు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2023 మేలో చెప్పింది కూడా. బాకీ పడితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేది ఆ మీటరుకే. చీకట్లో కూర్చునేది మనం.

బిల్లులో ఏసీడీ అని ఎప్పుడైనా పెద్ద మొత్తం కనిపిస్తే కంగారు పడకండి. అది అదనపు వినియోగ డిపాజిట్, వాడకం పెరిగిందని సంస్థ అడిగే ధరావతు. అది ఓనరు ఖాతాలో జమవుతుంది, మనం ఖాళీ చేశాక కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి కట్టాల్సింది ఓనరే. గడువు దాటిపోతుందని మీరు కట్టాల్సి వస్తే ఆ నెల అద్దెలో మినహాయించుకుంటామని ముందే చెప్పి కట్టండి.

ఏసీ తెస్తున్నారా? గీజరు ఒక్కటే రెండు కిలోవాట్లు లాగుతుంది, టన్నున్నర ఏసీ ఇంకో కిలోవాటున్నర. పాత ఇళ్లలో ఒక కిలోవాట్ లోడుకే కనెక్షన్ తీసుకుని వదిలేసి ఉంటారు. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతో చూడండి. బెడ్‌రూమ్‌లో పెద్ద సాకెట్, అంటే 16 ఆంప్స్‌ది, ఉందో లేదో చూడండి. చిన్న సాకెట్లో కన్వర్టర్ ప్లగ్గు పెట్టి ఏసీ నడిపితే ఓ రోజు కాలిన వాసనతో నిద్రలేస్తారు.

ఇక్కడ నా తెలివి గురించి కూడా ఒకటి చెప్పాలి. పేమెంట్ యాప్‌లో పాత ఇంటి నంబరుకి "ఇల్లు" అని పేరు పెట్టుకున్నాను. ఇల్లు మారాక కూడా రెండు నెలలు శ్రద్ధగా "ఇల్లు" బిల్లు కట్టాను. పాత ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు పాపం ఎంత సంతోషించారో! ఇప్పుడు వీధి పేరుతో పెట్టుకుంటాను. అలాగే "ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని మెసేజ్ వస్తే అది మోసం. కొత్త ఇంట్లో దిగినవాళ్లు నిజమేనేమో అని టెన్షన్ పడి ఫోన్ చేసేస్తారు.

గ్యాస్‌కి వద్దాం. మీరు శ్రావణంలో దిగుతున్నారంటే ఆషాఢమంతా ఆగినవాళ్లు అందరూ మీతోనే దిగుతారు. లారీ వాళ్లు, గ్యాస్ ఏజెన్సీ, నెట్ వాళ్లు అంతా రద్దీగానే ఉంటారు. ముహూర్తానికి పాలు పొంగించాలంటే ముందు స్టవ్ వెలగాలి. కాబట్టి మిగతావాటికంటే ముందు గ్యాస్ పని మొదలుపెట్టండి, అదీ వైజాగ్‌లో ఉండగానే.

అక్కడి ఏజెన్సీకి వెళ్లి వేరే ఊరు మారుతున్నామని చెప్పి సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే మీ డిపాజిట్ వెనక్కిచ్చి ట్రాన్స్‌ఫర్ వోచర్ ఇస్తారు. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ అడుగుతారు, ఇప్పటి నుంచే వెతికిపెట్టుకోండి. అది పెళ్లి ఆల్బమ్‌ల మధ్యో, అమ్మ బీరువాలోనో ఉంటుంది. ఇక్కడి ఏజెన్సీలో ఆ వోచరు, ఆధార్, అద్దె అగ్రిమెంటు చూపించి డిపాజిట్ కట్టి కొత్త సిలిండరు తీసుకోవాలి. నిండు సిలిండరు లారీలో వేసుకొచ్చేద్దామనే ఆలోచన మాత్రం వద్దు, ప్రమాదం. వోచర్ లేకుండా పూర్తిగా కొత్త కనెక్షన్ అంటే 14.2 కిలోల సిలిండరుకి డిపాజిట్ 2,200, రెగ్యులేటరుకి 250. ఇది 2022 జూన్‌లో పెంచిన రేటు. స్టవ్ కూడా మా దగ్గరే కొనాలని ఏజెన్సీలో ఒత్తిడి చేస్తే అక్కర్లేదని గట్టిగా చెప్పండి, అది తప్పనిసరి కాదు.

ఈ తతంగం అయ్యేలోపు పాలు పొంగించడానికి 5 కిలోల చిన్న సిలిండరు ఉంది. ఇండేన్ వాళ్లది ఛోటూ అంటారు. చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ఓనరు "మా రెండో సిలిండరు వాడుకోండి" అంటే రెండు మూడు రోజులకి సరే. నెలల తరబడి వద్దు. బుక్ చేస్తే కోడ్ ఆయన ఫోనుకే వస్తుంది, డెలివరీ అబ్బాయి మీ గుమ్మంలో నిలబడితే ఆయన గుడిలో ఉంటారు.

సిలిండరు తగిలించాక సబ్బు నీళ్లు నురగ చేసి రెగ్యులేటరు చుట్టూ, గొట్టం రెండు చివర్లా రాయండి. బుడగలు లేస్తే లీకు. నారింజ రంగు సురక్షా గొట్టం మీద తయారైన ఏడాది అచ్చువేసి ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చేయండి. ముందున్నవాళ్లు వదిలేసిన గొట్టం ఎంత బాగున్నా వాడొద్దు. ఇంట్లో చంటిపిల్ల ఉందన్నారు కదా, 1906 నంబరు ఫోన్లో వేసుకోండి. గ్యాస్ లీకుకి ఎప్పుడైనా చేయొచ్చు.

నీళ్ల విషయంలో ఓనరుని అడిగే ప్రశ్నలకంటే ఎదురుగా ఇస్త్రీ బండి అతన్ని అడిగే ప్రశ్న పనికొస్తుంది: "ఏప్రిల్, మేలో ఈ ఇంటికి ట్యాంకర్ ఎన్నిరోజులకోసారి వస్తుంది?" ఓనర్లందరూ "బోర్లో నీళ్లకి లోటే లేదండీ" అంటారు. నేనూ అంటాను. శ్రావణంలో ఇల్లు చూసేవాళ్లకి అది నిజమే, బోరు నిండుగా ఉంటుంది మరి.

హైదరాబాద్‌లో తాగునీళ్లు ఇచ్చేది జలమండలి. పాతవాళ్లు ఇప్పటికీ మంజీరా నీళ్లంటారు, వచ్చేది కృష్ణదైనా గోదావరిదైనా. చాలాచోట్ల రోజు మార్చి రోజు వదులుతారు. అది సంపులో పడుతుందా, బోరు నీళ్లతో కలిసిపోతుందా, తాగడానికి వేరే పంపు ఉందా అని కళ్లారా చూడండి. బోరు నీళ్లు కలిస్తే కుళాయి మూతి చుట్టూ తెల్లటి గార కడుతుంది, బాత్రూమ్ షవర్ చూస్తే తెలిసిపోతుంది. ఆ నీళ్లతో గీజరు కాయిల్ కూడా త్వరగా పోతుంది. ఫిల్టర్ కొనేముందు నీళ్లు పరీక్ష చేయించుకోండి. తాగునీటికి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. దానికి చాలా తక్కువగా ఉన్న జలమండలి నీళ్లకి ఆర్వో పెట్టి సగం నీళ్లు సింకులోకి వదిలేయడం నాకు ఇష్టం ఉండదు, కాచుకుని తాగినా సరిపోతుంది. బోరు నీళ్లలో అది 500 దాటితే మాత్రం ఆర్వో తప్పదు.

నీళ్ల కనెక్షన్‌కీ నంబరుంది, క్యాన్ నంబరు, అంటే కస్టమర్ అకౌంట్ నంబరు. 2021 నుంచి నగరంలో ఇంటికి నెలకి 20 వేల లీటర్లు ఉచితం. అయితే ఓనరు క్యాన్ నంబరుకి ఆధార్ లింకు చేయించి ఉండాలి, నీళ్ల మీటరు పనిచేస్తూ ఉండాలి. అవి లేకపోతే బిల్లు వస్తుంది, అది అద్దెవాళ్ల మీద పంచుతారు. "వాటర్ చార్జీలు నెలకి మూడొందలు" అని ఎవరైనా అంటే "బిల్లు వస్తోందాండీ?" అని మర్యాదగా అడగండి. జలమండలి ఫోన్ నంబరు 155313.

నెట్ సులువు. ఏ కంపెనీ మంచిదని నన్ను అడక్కండి, ఆ వీధిలో స్తంభం దాకా ఎవరి వైరు ఉందో ఆ కంపెనీయే మంచిది. పక్కింటివాళ్లని అడిగితే చాలు. ఏడాది ప్లాను చవకని ముందే కట్టకుండా మొదటి నెల మాత్రం కట్టి చూడండి. గోడకి రంధ్రం పెట్టాలంటే ఓనరుతో ఒక మాట చెప్పండి, తర్వాత సున్నం ఖర్చని అడ్వాన్సులో కోతపెట్టకుండా. ఖాళీ చేసేటప్పుడు రౌటర్ తిరిగిచ్చి రసీదు తీసుకోండి. నేను రసీదు అడగడానికి మొహమాటపడ్డాను, ఆరు నెలల పాటు ఒక కంపెనీ నుంచి రౌటర్ ఏదండీ అని ఫోన్లు వచ్చాయి.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. అచ్చు నమూనాలో కరెంటు గురించి "అద్దెదారు చెల్లించాలి" అని ఒక్క ముక్కే ఉంటుంది. దాని పక్కన పెన్నుతో మూడు లైన్లు రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి: దిగిన రోజు రీడింగ్ ఎంత, యూనిట్ రేటు ఎలా లెక్కగడతారు, మోటారు ఖర్చు ఎవరిది. గ్యాస్ ఏజెన్సీలో, నెట్ కంపెనీలో కూడా ఇదే కాగితం అడుగుతారు, కాబట్టి దిగాక చూద్దాం అనకుండా రెండు వారాల ముందే రాయించేయండి. కాపీ ఒకటి స్కాన్ చేసి ఫోన్లో ఉంచుకోండి.

శ్రావణం అంటే వానలు కూడా. దిగిన వారంలోనే ఓ రాత్రి కరెంటు పోవడం ఖాయం. ముందు కిటికీలోంచి ఎదురింటి వైపు చూడండి. వాళ్లకీ లేకపోతే 1912కి ఫోన్ చేసి యూఎస్‌సీ నంబరు చెబితే కంప్లైంట్ రాసుకుంటారు. వాళ్లకి ఉండి మీకే లేకపోతే ముందు మీ ఎంసీబీ, తర్వాత సబ్ మీటరు పక్కనున్న ఫ్యూజు, ఆపైన కింది ఓనరుని చూడండి, ఆయన కూడా చీకట్లోనే ఉన్నారేమో. ఉంటే స్తంభం దగ్గరో, మెయిన్ మీటరు దగ్గరో ఫ్యూజు పోయినట్టు. అది మీరు ముట్టుకోవద్దు. ఆ ఏరియా లైన్‌మన్ నంబరు ఆ ఇస్త్రీ అతని దగ్గర ఉంటుంది, అతని ఇస్త్రీ పెట్టె కూడా కరెంటుదే అయితే మరీ.